ఉండుట, అందుట

ఆహారము లేక చచ్చుట యొకటి. ఆహారముమీదనే నిలిచి యాకలితో చచ్చుట వేఱొకటి. ఈ రెండవ చావు నిజస్వరూపమును మాకు దెలిపినది రష్యాదేశపు టుత్తరపుకొననున్న యమాల్ ద్వీపకల్పపు వృత్తాంతము.

అచ్చట నేనెట్సు జాతివారు రెయిన్‌డీరను దుప్పుల మందలను మేపుకొని జీవింతురు. శీతకాలమున నేల యంతయు మంచుచే గప్పబడినను, ఆ మృగములు లోపలి మేతను వాసనచే గనిపెట్టి, గిట్టలతో మంచును త్రవ్వి తినును. మెత్తని మంచు వానికి శత్రువు గాదు. మేతను దాచియుంచు గాదె వంటిది. చిక్కెల్ల వానతోనే. చలికాలము నడుమ వెచ్చదనము సోకి వాన కురిసి, ఆ తడి మంచులోని కింకి, మరల చలి బిగిసినప్పుడు పైభాగము రాయివలె పెచ్చుకట్టును. గిట్ట దానిపై జారునే కాని దిగదు. 2006 నవంబరులో నిట్లే జరిగి 20,000 మృగములు చచ్చెను. 2013 నవంబరునాటి పెచ్చు వలన 61,000 కూలెను. మందలు పోయిన కాపరులు కొందఱు చేపలు పట్టి పొట్టపోసికొనవలసివచ్చెను. సముద్రముపై మంచు తఱుగుటకును ఈ వానలకును సంబంధము గలదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అది తఱుగుటకు గారణమైన పొగలో నా కాపరుల పాలెంతయో చదువరులే యూహింతురు గాక.

మేత యుండెను. దానిని కాగితముమీద లెక్కవేసినచో, ఆ యేట యమాలునందు కఱవు లేదనియే తేలియుండును. ఇచ్చటనే మా ప్రశ్న. కలదని చెప్పినంతమాత్రమున గలవాని ధర్మము తీఱునా? "తలుపులు తెఱచియే యున్నవి, రానివారిదే తప్పు" అని మన మెంత సులభముగా ననుచుందుము! తీఱదనియే మా యభిప్రాయము. పెచ్చునకు దురుద్దేశము లేదు. మనలో ననేకులకును లేదు. అది యద్దమువలె మెఱయును, చూడ ముచ్చటగ నుండును. దాని బిరుసుదన మాకలిగొన్న మృగమునకే తెలియును. ప్రకృతి గట్టిన పెచ్చు కాపరికి లొంగలేదు. మనము గట్టినదో, మన చేతిలోనిదే.

పరోపదేశ మేల? ఇరువది యేండ్లుగా మేము పాఠములు చెప్పుచున్నాము. ఒకనాడు వెనుకబల్లనుండి యొక బాలిక లేచి, "పాఠము బాగున్నదండీ మాస్టారూ, మాటలే తెలియలేదు" అనెను. మేము నవ్వి నిఘంటువు చూడుమంటిమి. ఆమె యింట నిఘంటువు కాదు గదా, పాఠ్యపుస్తకములే సగము లేవని తరువాత దెలిసినది. మఱుసటి యేట నామె బడికి రాలేదు. దానికి గారణము మేమే యని చెప్పజాలము, కాదనియు జెప్పజాలము. సమాసముల తీపి మఱగిన కలము మాది. ఈ పుటనే యామె చేతి కిచ్చినచో నెన్ని వాక్యములు దాటగలిగెడిదో!