గొలుసు తీయాల్సింది మేమే

దర్గాకి పోతే పిచ్చి కుదురుతుందా అని మమ్మల్ని అడుగుతుంటారు. అడిగే గొంతులోనే జవాబు ఉంటుంది. మేం తాయెత్తులోళ్లం, సాంబ్రాణి పొగలోళ్లం. మీరు సైన్సు. మా ఇళ్లలోనే కొందరు కుర్రాళ్లు దర్గా షిర్క్ అని కసురుకుంటారు. రెండువైపులా తిట్లు మాకే.

అయినా కసుమూరుకీ ఏఎస్ పేటకీ జనం వస్తూనే ఉన్నారు. సాయిబులొక్కరే కాదు. నెల్లూరు తీరాన హిందువుల ఇళ్లలో ఇంతమంది మస్తానయ్యలూ మస్తానమ్మలూ ఎట్లా పుట్టారనుకున్నారు? మనసు చెదిరిన మనిషిని వెంటబెట్టుకుని ఇంటివాళ్లు ఏఎస్ పేటలో రోజుల తరబడి ఉండిపోతారు. అక్కడే వండుకుంటారు, అక్కడే పడుకుంటారు. పక్క చాప మీదా అదే కష్టం కాబట్టి ఎవరూ వింతగా చూడరు. నెల్లూరు రొట్టెల పండగ సంగతి మీకు తెలుసు. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, కోరిక తీరినోళ్లు కోరిక ఉన్నోళ్లకి రొట్టె ఇస్తారు. ఆరోగ్య రొట్టె కూడా ఉంది. నిరుడు చెయ్యి చాచినామె ఈ ఏడు ఇచ్చే మనిషి అవుతుంది. ఇది ఏ డాక్టరు చీటీలో ఉంది?

మనసు బాగుండటమంటే నేల, చుట్టాలు, పూర్వీకులు, ఆత్మ అన్నీ బాగుండటమేనని ఆస్ట్రేలియా ఆదివాసులు చెబుతూ వచ్చారు. 1995లో అక్కడి ప్రభుత్వానికి అందిన నివేదికలోనూ ఆ మాటే ఉంది. అంత దూరం దేనికి, శ్రీహరికోట చూడండి. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. తరాలుగా ఆ అడవి మీద బతికిన యానాదుల్ని కదిలించారు. ఆ దిగులుకి ఏ మాత్ర రాస్తారు?

మరి మా వైద్యం మా చేతుల్లో ఉన్నంత మాత్రాన మేం చేసిందంతా న్యాయమేనా? 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గరి ఒక ప్రైవేటు ఆశ్రమం అంటుకుంది. 28 మంది చనిపోయారు. గొలుసులు వేసి ఉన్నారు, పరిగెత్తలేకపోయారు. వాళ్లు నమ్మి వచ్చింది మాలాంటి వాళ్లనే. పేదోళ్లకి ఆస్పత్రి దూరమన్నది నిజం, ఇంటివాళ్లు విసిగి వదిలిపోయారన్నదీ నిజం. అయినా కట్టేసిన చెయ్యి మనిషి చెయ్యి. మా ఆచారం అనే ముసుగు వేసి గొలుసుని దాచే ముజావర్ మా తరఫున మాట్లాడటం లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసు వేయకూడదంది. చట్టం వచ్చేదాకా ఆగాల్సిన సంగతా ఇది?

దారి లేకపోలేదు. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో 2008లో 'దవా-దువా' మొదలుపెట్టారు. దర్గాలోనే డాక్టర్లు కూర్చున్నారు. ముజావర్లు దువా చదివి రోగిని వాళ్ల దగ్గరికి పంపారు. దువా మానెయ్యమని ఎవరూ అనలేదు. మందు పాపమనీ ఎవరూ అనలేదు.

మా దర్గాల్లోకి వచ్చే డాక్టరుకి మేం చెప్పేదొకటే. కుర్చీ తర్వాత వేసుకో నాయనా, ముందు చాప మీద కూర్చో. ఆ తల్లి ఉర్దూలో సగం, తెలుగులో సగం చెబుతుంది. పూర్తిగా విను.