లక్కపిడతలును స్త్రీహాస్యమును

నవ్వు మనుష్యునకు వినోదము మాత్రమేనా, లేక న్యాయాన్యాయములను పరీక్షించు సాధనము కూడ నగునా యను ప్రశ్న విచారింపదగినది. పాశ్చాత్యదేశములలో కొందఱు స్త్రీలు తమ బాల్యమునాటి యాటబొమ్మలనే వస్తువుగా గైకొని, పాటను పరిహాసమును గలిపి, క్యాబరే రంగస్థలములపై ప్రదర్శించుచున్నారు. క్యాబరే యనగానే మనవారికి వెనుకటి చలనచిత్రములలోని నృత్యము తలపునకు వచ్చి మొగము చిట్లింపబుద్ధి పుట్టును. కాని 1881లో పారిసు నగరమున ‘నల్లపిల్లి’ యను పేర వెలసిన శాల మొదలుకొని, అది కవులును గాయకులును గూడి లోకమును ఎత్తిపొడిచిన చోటు. లోకమును ఎత్తిపొడుచుటకు బొమ్మ లేల యని పాఠకు లడుగవచ్చును. సమాధానము మన యింటనే యున్నది.

విశాఖపట్టణమునకు నైరృతిదిక్కున, వరాహనది యొడ్డున, ఏటికొప్పాక గ్రామము గలదు. అచ్చటి పనివారు అంకుడుకొయ్యను తరిమెన పట్టుదురు. గిరగిర తిరుగు కొయ్యకు లక్కను ఒత్తగా, ఒరపిడివలన పుట్టిన వేడికి లక్క కరగి, రంగుతో గూడ కొయ్యకు అంటుకొనును. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2025 గణతంత్రదినమున ఇవి మన రాష్ట్రశకటముపై ఢిల్లీలో ఊరేగినవి. వీనిలో లక్కపిడతల సొగసు చెప్పనక్కఱలేదు. పొయ్యి, కుండ, గరిటె, రోలు, తిరుగలి, వంటయిల్లంతయు ఒక చిన్న బుట్టలో ఇముడును. అయినను వీనిని కొనితెచ్చిన తండ్రి ఎవరి చేతి కిచ్చును? కూతురి చేతికే. కొడుకునకు లారీయో, ఓడయో యిచ్చును. నౌకాశ్రయమును ఉక్కు కర్మాగారమును గల యీ నగరమున బాలుని బొమ్మ బయటిలోకమును చూపుచున్నది. బాలిక బొమ్మ పొయ్యిని చూపుచున్నది. నోరు విప్పి యెవ్వరును ఉపదేశింపకయే, అయిదేండ్లు నిండకమునుపే, బ్రతుకు పంచిపెట్టబడినది.

ఈ పంపకము అన్యాయమని తర్కముచే నిరూపింపబూనినచో ఫలము స్వల్పము. అలవాటు తర్కమునకు చెవియొగ్గదు. హాస్యమునకు మాత్రము ఒక యుపాయము తెలియును. అది తారుమారు. వికృతవేషాదులవలన హాస్యము పుట్టునని భరతుడు చెప్పెను. వేషము మారినప్పుడు నవ్వుదుము. నవ్విన పిదప, మొదటి వేషమే సహజమని నిర్ణయించినవా రెవరని ఆలోచింతుము. 1992లో అమెరికాలో మాటలాడు బార్బీబొమ్మ యొకటి అంగళ్లకు వచ్చెను. గణితపాఠము కష్టమనుట దాని పలుకులలో నొకటి. మఱుసటి యేడు కొందఱు ఆ బొమ్మ పలుకుయంత్రమును సైనికుని బొమ్మలోను, సైనికునిది బార్బీలోను అమర్చి, వానిని మరల అంగళ్లలో ఉంచిరి. సైనికుడు పెండ్లిముచ్చట లాడెను. సుందరి యుద్ధగర్జనములు చేసెను. ఒక్క వాదమును చేయకయే విషయము బోధపడెను.

ఈ యుపాయము మనకు క్రొత్త కాదు. ఏటికొప్పాక గల యలమంచిలి ప్రాంతమందే జన్మించిన గురజాడ అప్పారావుగారు దీనిని చక్కగా నెఱిగిరి. 1892లో ప్రదర్శింపబడి 1897లో ముద్రితమైన కన్యాశుల్కమున, కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడువేషము వేసి లుబ్ధావధానులకు అమ్మును. కొన్నది బాలునని యెఱిగిన ప్రేక్షకుడు పకపక నవ్వును. బాలికయే యయినచో ఆ బేరము సబబగునా యని పిమ్మట సిగ్గుపడును.

స్త్రీ రంగస్థలమెక్కి నవ్వించుట గౌరవభంగమని కొందఱందురు. హాస్యము స్త్రీలయందును నీచపాత్రలయందును మిక్కిలిగా కానవచ్చునని భరతుడే చెప్పెను కదా యని ప్రమాణము చూపుదురు. మన తోలుబొమ్మలాటలో బంగారక్క యున్నది. ఆమెను చూచి తరతరములుగా జనులు కడుపుబ్బ నవ్విరి. స్త్రీ నవ్వునకు వస్తువగుట ఎవ్వరికిని గౌరవభంగముగా తోపలేదు. నవ్వునకు కర్త్రి యగుటయే తోచినది! బంగారక్క బొమ్మ; ఆమె మాటలు ఆమె కూర్చుకొన్నవి కావు. బొమ్మగా చూడబడినవారు తామే ఆట నడుపుటయే ఈ క్రొత్త ప్రదర్శనముల పరమార్థమని మేము తలంచుచున్నాము.

ఇంతకంటె గట్టి ఆక్షేపణ యొకటి కలదు. లక్కపిడతలను పరిహసించుట, జీవితమంతయు పొయ్యియొద్ద గడపి మనలను పెంచిన తల్లులను పరిహసించుట కాదా? దీనిని తేలికగా త్రోసివేయరాదు. అన్నము వండుట అల్పకార్యము కాదు. కాదు కనుకనే దానిని జనులలో సగముమందికే నేర్పుట తగదు. పొయ్యిని వెక్కిరించు హాస్యము చెడ్డది. పొయ్యిదరికి రాక కంచముముందు కూర్చుండి, ఉప్పు తక్కువయినదని గద్దించువానిని వెక్కిరించు హాస్యము మంచిది. ఈ భేదమును పాటించినంతకాలము తల్లులకు అవమానము లేదు. వారి శ్రమకు సాక్ష్యమే యున్నది.

కాబట్టి లక్కపిడతలను పాఱవేయనక్కఱలేదు. కొడుకుచేతికిని ఇండు, కూతురిచేతికి ఓడనుగూడ నిండు. ఏటికొప్పాక పనివానికి గిరాకి పెరుగునే కాని తఱుగదు. పాఠశాలల వార్షికోత్సవములలో బాలికలు తామే వ్రాసికొన్న ప్రహసనములను తామే ఆడునట్లు చేయుడు. వారు మన యిండ్లను చూపినప్పుడు మనకు నవ్వు రానిచో, దోషమును ప్రహసనమున వెదకుటకు ముందు మన యింట వెదకుట మేలు.