ఏది అశ్లీలం, ఏది వినోదం?

హింసాత్మక వీడియో గేములు పిల్లల్లో దూకుడు పెంచుతాయా? అలాంటి గేములను 18 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదన్న కాలిఫోర్నియా చట్టాన్ని 2011లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో కొట్టేసింది. సంబంధం కనబడినా, గేములే కారణమని రుజువు కాలేదంది. అరుపులు, తోపులాటల వంటి దూకుడుతో స్వల్ప సంబంధం ఉంది గానీ, అసలు హింసకు గేములే కారణమనడానికి ఆధారాలు చాలవని 2020లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ కూడా చెప్పింది.

ఒప్పుకుందాం. కానీ ఆ తీర్పుతో విభేదించిన జస్టిస్ బ్రేయర్ ప్రశ్న అలాగే మిగిలింది. పదమూడేళ్ల కుర్రాడికి నగ్నస్త్రీ బొమ్మ ఉన్న పత్రిక అమ్మకూడదు. తెరమీద ఒక స్త్రీని తానే కట్టేసి, హింసించి, చంపే ఆట మాత్రం అమ్మవచ్చా?

స్త్రీ శరీరం కనబడితే అశ్లీలం, ఛిద్రమైతే వినోదం! మనకూ ఇది కొత్తేమీ కాదు. ముద్దు దగ్గర ఆగిన సెన్సారు కత్తెర, వద్దంటున్న అమ్మాయి వెంటపడే హీరో దగ్గర ఆగదు.

నేను నిషేధాలు కోరడం లేదు. కుర్రాడు రేపు ఎవరినైనా కొడతాడా అన్న ఒక్క ప్రశ్నతోనే సరిపెట్టుకోవద్దంటున్నాను. ఎవరి మీదా చెయ్యెత్తని కుర్రాడు కూడా ఎవరి బాధను చూసి నవ్వడానికి అలవాటు పడుతున్నాడు? పక్క సీట్లో కూర్చున్న ఆడపిల్లకు ఆ నవ్వు వినబడుతూనే ఉంది.