ఇథనాల్ పోసే ముందు ఒక్క మాట విను, బాబూ

కారు మీద నీకున్న ప్రేమను నేను తప్పుపట్టను. మీ తాతగారు శ్రీకాకుళం నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి బిలాస్‌పూర్ తార్‌బహార్‌లో స్థిరపడ్డారు. స్పానర్ పట్టడం మీ ఇంట్లో ఎవరూ నేర్పనక్కర్లేని విద్య. పాత ఆక్టేవియా కొన్నావు, టర్బో మార్చావు, ఈసీయూ రీమ్యాప్ చేయించావు. సరే. ఇప్పుడు ఈ85, అంటే 85 శాతం దాకా ఇథనాల్ ఉండే ఇంధనం, పోస్తానంటున్నావట. అక్కడే నా మనసు ఊరుకోలేదు. అసలు పోయొద్దని కాదురా నేననేది, తొందరపడి పోయొద్దంటున్నాను.

ఇథనాల్ గొప్పదనం నాకు తెలియనిది కాదు. ఆక్టేన్ ఎక్కువ. ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని పెట్రోల్ కంటే చాలా ఎక్కువగా లాగేస్తుంది. అందుకే బూస్ట్ పెంచినా, స్పార్క్ ముందుకు జరిపినా నాకింగ్, అంటే ఇంధనం అదుపు తప్పి పేలడం, అంత సులువుగా రాదు. అమెరికాలో ఇండీకార్ పందేలు 2007లో ఇథనాల్‌కు మారాయి. పవర్ వస్తుందని నువ్వు చెప్పేది నిజమే.

కానీ అది ఎక్కువ తాగే ఇంధనం, నాయనా. ఒక వంతు పెట్రోల్ మండడానికి 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 వంతులు చాలు. అంటే లోపలికి వచ్చే గాలి అంతే అయినా, ఇంధనం మాత్రం చాలా ఎక్కువ పోయాలి. మీ అమ్మనడుగు, కొత్త బియ్యానికి పెట్టిన ఎసరే పాత బియ్యానికీ పెడితే ఏమవుతుందో. పలుకు మిగిలిపోతుంది. వంటింట్లో అయితే ఇంకో గ్లాసు నీళ్లు పోసి సరిచేస్తారు. టర్బో బలంగా తోస్తున్న వేళ ఇంజిన్‌కు ఇంధనం చాలకపోతే సరిచేసే వ్యవధి ఉండదు, పిస్టన్ పోతుంది. నీది డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్. ఇంజెక్టర్లూ, ట్యాంకులోని పంపూ, పైనున్న హై ప్రెషర్ పంపూ ఆ అదనపు ఇంధనాన్ని అందించగలవా? ముందు అది కొలిపించు. మ్యాప్ సంగతి తర్వాత.

లెక్క దగ్గర కూడా తొందరే నీది. బంకులో పోసేది వట్టి పెట్రోల్ అనుకుంటున్నావు. ఈ20ని 2023 ఫిబ్రవరిలో మొదలుపెట్టారు, 2025 కల్లా దేశమంతా 20 శాతం కలపడం వచ్చేసింది. మన వ్యాపార్ విహార్ వైపు బంకులో పోయించుకున్న 30 లీటర్లలోనే 6 లీటర్ల దాకా ఇథనాల్ ఉంటుంది. దాని మీద నువ్వు 10 లీటర్ల వట్టి ఇథనాల్ పోస్తే పాతిక శాతం కాదు, 40 శాతం. ఈ ఒక్క లెక్క తప్పితే మ్యాప్ మొత్తం తప్పుతుంది. అందుకే ట్యాంకులో ఎంత శాతం ఉందో ఎప్పటికప్పుడు ఈసీయూకు చెప్పే సెన్సర్ పెట్టించుకో. అది పెట్టడానికి డబ్బు లేకపోతే ఇథనాల్‌కూ లేనట్టే అనుకో.

ఇంకొకటి, నన్ను నిజంగా భయపెడుతున్నది ఇదే. ఇథనాల్ 100 అని ఇండియన్ ఆయిల్ 2024 మార్చిలో 183 బంకుల్లో మొదలుపెట్టింది. మహారాష్ట్ర, కర్ణాటక, ఉత్తరప్రదేశ్, తమిళనాడు, ఢిల్లీ. ఆ మొదటి జాబితాలో మన ఛత్తీస్‌గఢ్ లేదు, మన ఆంధ్రా కూడా లేదు. సంక్రాంతికి మీ అమ్మానాన్నల్ని ఎక్కించుకుని శ్రీకాకుళం బయల్దేరతావు. దారిలో ట్యాంకు ఖాళీ అవుతుంది. దొరికేది మామూలు పెట్రోల్. ఈ85 కోసం స్పార్క్ ముందుకు జరిపి, బూస్ట్ పెంచి రాసిన మ్యాప్ మీద ఆ పెట్రోల్ పోసి ఘాట్ ఎక్కిస్తే నాకింగ్ మొదలవుతుంది. వెనక సీట్లో ఎవరున్నారో ఇంజిన్‌కు తెలియదు కదా! పెట్రోల్ మ్యాప్ వేరుగా పెట్టుకుని, అది వేశాకే ఊరు దాటాలి. ఇది అలవాటుగా మారాలి బాబూ, గుర్తొచ్చినప్పుడు చేసే పని కాకూడదు.

వానాకాలం సంగతి కూడా చెప్తాను. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సగం నిండిన డబ్బా మూత వదులుగా ఉంటే బిలాస్‌పూర్ జూలై చాలు. నీళ్లు చేరిన ఇథనాల్‌ను పెట్రోల్‌లో కలిపితే, నీళ్లు మరీ ఎక్కువైనప్పుడు రెండూ విడిపోయి ఇథనాలూ నీళ్లూ అడుగుకు దిగుతాయి. పంపు పీల్చేది ఆ అడుగునుంచే. పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని కూడా ఇథనాల్ కదిలిస్తుంది కాబట్టి మొదట్లో ఫిల్టర్ త్వరగా మార్చాలి. ఇంజిన్ ఆయిల్‌లో ఇంధనం కలుస్తుంది, అదీ ముందుగానే మార్చాలి. రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కు తట్టుకునే రకానివి ఉండాలి. బండి నెలల తరబడి నిలబెట్టాల్సి వస్తే ముందు మామూలు పెట్రోల్ మీద నడిపి నిలపాలి. బ్రెజిల్‌లో 1979లో ఫియట్ 147ను కంపెనీవాళ్లే ఇథనాల్ కోసం తయారుచేశారు. అలాంటి బండ్లలో కూడా చలికి స్టార్ట్ అవడానికి పక్కన చిన్న పెట్రోల్ ట్యాంకు పెట్టాల్సొచ్చింది. అంత చేస్తే గానీ మాట వినే సరుకు కాదది.

ఇప్పుడు కాస్త కోప్పడతాను, ఏమనుకోకు. ఎవరో ఫ్యాక్టరీ స్పిరిట్ డ్రమ్ములో తెచ్చిస్తానన్నాడని విన్నాను. అది ఎక్సైజ్ లెక్కలో ఉండే సరుకు, ఇంట్లో దాచేది కాదు. అందులో మిథనాల్ కలిసిందో లేదో నీకేం తెలుసు? మిథనాల్ ఒంటికి విషం, అల్యూమినియంకూ చేటు. ఆల్కహాల్ మంట పగటి వెలుతురులో సరిగ్గా కనబడదు కూడా. మీ క్వార్టర్‌లో వంటిల్లూ వరండా మధ్య ఒక్క గోడే ఉంది. ఆ వరండాలో డబ్బాలు పెడతావా?

చట్టం సంగతీ విను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చొద్దంటుంది. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు కూడా ఇది అడగొచ్చు. ఇంత పవర్ రేస్ ట్రాక్‌కు తగింది. ఇక్కడ నీ దారి తార్‌బహార్ అండర్‌బ్రిడ్జి, రతన్‌పూర్ రోడ్డు. ఆ రోడ్డు మీద మహామాయ గుడికి నడిచివెళ్లేవాళ్లుంటారు.

నువ్వు మంచివాడివి, తెలివైనవాడివి. చేతకానివాడితో అయితే ఇంత చెప్పే పనే లేదు. ట్రాక్ కోసం వేరే బండి సిద్ధం చేసుకో, ఇంట్లోవాళ్లు ఎక్కే బండిని పెట్రోల్ మీదే ఉంచు. ఆ డ్రమ్ము మాత్రం వద్దని ఆ మనిషికి ఇవాళే ఫోన్ చేసి చెప్పు.