దేవుని సొమ్ము – దొరతనపు లెక్క

శ్రియఃపతియైన సర్వేశ్వరుని సేవించుకొని వెలుపలికి వచ్చిన యాత్రికులలో కొందరు “స్వామి కొలువులో ప్రభుత్వమునకు పనియేమి?” అని ప్రశ్నించుచుందురు. మరికొందరు “ఇంతటి ద్రవ్యము చేరుచోట ప్రభుత్వము చూడకున్న మరెవ్వరు చూతురు?” అందురు. రెండు మాటలయందును సత్యము కలదు. దేని హద్దు ఎంతవరకో తెలిసికొనుటకు మన తెలుగునాటి భక్తుని చరిత్రయే దారి చూపగలదు.

17వ శతాబ్దమున గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా ఏలుబడిలో కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీలుదారు. భద్రాచల రాముని ఆలయమునకై ఆయన వెచ్చించిన ద్రవ్యము సర్కారు శిస్తు సొమ్మని అభియోగము వచ్చినది. ఆ మహాభక్తుడు గోలకొండ కోటలో బందీయయ్యెను. తుదకు రామలక్ష్మణులు తానీషాకు కనిపించి, ఆరులక్షల వరహాలు చెల్లించి, రామదాసును విడిపించిరని భక్తలోకము చెప్పుకొనుచున్నది.

ఈ గాథ వినునపుడు రామదాసు పడిన బాధలకు మన కన్నులు చెమర్చుట సహజము. అయితే స్వామి చేసిన పనిని గూడ గమనింపవలెను. సర్వలోకశరణ్యుడు కోట గోడలు కూల్చి తన దాసుని తీసికొని పోజాలడా? తన గుడికి పెట్టిన సొమ్మునకు లెక్క యేమని ఆయన గద్దింపలేదు. సర్కారు పైకము సర్కారునకు జమకట్టి, చెల్లుచీటి పుచ్చుకొనెను. భక్తి యెంత గొప్పదైనను పరుల సొమ్మునకు లెక్క తప్పదని భగవానుడే ఆచరించి చూపెను.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగమును ఈ గాథ ప్రక్కన ఉంచి చూతము. అందలి విభాగములకు అధికరణములని పేరు. మీమాంస చదివినవారికి ఆ మాట చిరపరిచితమే. ఒకానొక మతమును పెంపొందించుటకే ప్రత్యేకించిన పన్నును చెల్లింపుమని ఎవ్వరిని నిర్బంధింపరాదని 27వ అధికరణము చెప్పుచున్నది. 25వ అధికరణము ప్రతి మనుష్యునకు తన మతమును అవలంబించి ఆచరించు స్వాతంత్ర్యమును ఇచ్చినది. 26వ అధికరణము మతశాఖలకు తమ ధర్మకార్యములను తామే నడపుకొను హక్కునిచ్చి, ఆస్తి పాలనము మాత్రము చట్టానుసారము జరుగవలెనన్నది.

ధర్మకార్య మేది? ఆస్తి వ్యవహార మేది? ఈ విచారణ ఉడుపి శిరూరు మఠము వ్యాజ్యమున 1954లో సుప్రీంకోర్టు ముందునకు వచ్చినది. మతమనగా సిద్ధాంతము మాత్రమే కాదనియు, పూజలు, నైవేద్యములు, ఉత్సవములు గూడ మతమునందలి భాగములేననియు, ఏది ప్రధానమో ఆ మతసిద్ధాంతమును బట్టియే నిర్ణయింపవలెననియు ధర్మాసనము తీర్పుచెప్పెను. వానికగు ఖర్చుల పరిమితిని మాత్రము చట్టము చూడవచ్చునన్నది. అనగా ఏ వేళకు ఏ ఆరాధన యని చెప్పవలసినది ఆగమము. బియ్యమున కెంత, నేతి కెంత యని అడుగదగినది లెక్కల అధికారి.

ఈ హద్దు గీయుట సులభము, నిలుపుట కష్టము. తిరుమల ఆలయ నిర్వహణమును 1843లో ఈస్టిండియా కంపెనీ హథీరాంజీ మఠము మహంతులకు అప్పగించెను. 1933లో మద్రాసు ప్రభుత్వపు శాసనముచే దేవస్థానముల కమిటీ ఏర్పడినది. అర్చకుల నియామకము లౌకిక కార్యమేననియు, నియమితుడు ఆగమము చెప్పిన అర్హత గలవాడై యుండవలెననియు 1972లో సుప్రీంకోర్టు తమిళనాటి వ్యాజ్యమున నిర్ణయించెను. ఆంధ్రప్రదేశమున 1987 నాటి చట్టము వంశపారంపర్య హక్కులను రద్దు చేయగా, 1996లో సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. పిదప 2007లో చట్టమును సవరించి అర్హతగల అర్చక కుటుంబములవారికి అవకాశము కల్పించిరి. తరతరములుగా స్వామి చేయి పట్టుకొని బ్రదికిన కుటుంబములకు ఆ నడుమ గడచిన ఇరువది యేండ్లు ఎట్టివో వేరుగ చెప్పనక్కరలేదు.

మరి ఆలయద్రవ్య మెవ్వరిది? ప్రభుత్వమునది కాదు, ధర్మకర్తది కాదు, అర్చకునిది కాదు. దేవతామూర్తి చట్టము దృష్టిలో వ్యక్తియే యనియు, ఆ వ్యక్తి క్షేమమును నిర్వాహకుడు చూడవలెననియు 1925లోనే ప్రీవీకౌన్సిలు చెప్పియున్నది. మన సంప్రదాయము ఇంకొక మెట్టు ఎక్కినది. ద్రవ్యమే కాదు, ద్రవ్యమును సమర్పించు జీవుడును స్వామి సొత్తే. సొత్తు తన్ను తాను యజమానిగ తలచుట యెంత అవివేకము! అధికారి తన సంతకము వలన ఆలయము నడచుచున్నదనుకొనినను, కైంకర్యపరుడు తనను అడుగువాడు లేడనుకొనినను ఆ అవివేకమే యగును. శ్రీకృష్ణదేవరాయలంతటి సార్వభౌముడు తిరుమల ఆలయమున దేవేరులతో చేతులు జోడించి నిలుచున్న కంచు విగ్రహమై యున్నాడు. అధికార మెట్లు నిలువవలెనో ఆ విగ్రహమును చూచి నేర్చుకొనదగును.

గృహస్థుల కర్తవ్యమును గూర్చి ఒక్క మాట. అధికారి సిఫారసు చీటి తెచ్చుకొని, వరుసలో నిలిచిన వృద్ధులను దాటి దర్శనమునకు పోవువాడు, గుడిలో ప్రభుత్వమేల యని అడుగుటకు అర్హుడగునా? ప్రభుత్వమును గర్భాలయ ద్వారము వరకు పిలుచుకొని వచ్చినవాడు తానే గదా! న్యాయార్జితమైన దానిని సమర్పింతము. మన వంతు వచ్చువరకు నిలుతము. లెక్కను వినయముతో అడుగుదము. ఆరాధనమున ఆగమము తప్పినచో నిర్భయముగ చెప్పుదము. రాజ్యాంగము హద్దు చూపగలదు. దానిని కాచుట భక్తుల శీలమునందున్నది. భద్రాద్రిరాముడు అట్టి శీలమును మనకు ప్రసాదించుగాక!