ఉస్తాద్ ఎవరు?

సాయిబులకు పంక్చరు వెయ్యడం, బట్టలు కుట్టడం తప్ప ఇంకేం వస్తుందని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. అవి వస్తాయి. వాటిని మేము బడిలో నేర్చుకోలేదు. అబ్బాల పక్కన, చాచాల పక్కన నిలబడి నేర్చుకున్నాం. నేర్పినవాడు ఉస్తాద్, నేర్చినవాడు షాగిర్ద్. ఉస్తాద్ ఎప్పుడూ పెద్దవాడే, ఎప్పుడూ మగవాడే.

ఇప్పుడు మా గల్లీలో ఇంకో చదువు నడుస్తోంది. ఫీజు లేదు, సర్టిఫికెట్టు లేదు. మగ్రిబ్ నమాజు అయ్యాక ఒక పాత కంప్యూటర్ చుట్టూ చేరతాం. డిప్లొమా చదివే మా చెల్లెలు ప్రోగ్రామింగ్ చెపుతుంది. యాభై దాటిన టైలర్ చాచా వింటాడు. లూప్ అంటే ఆయనకు మొదట అర్థం కాలేదు.

"కాజా చుట్టూ తిరిగి మొదటికొచ్చేదాకా అదే కుట్టు వేస్తారు కదా చాచా, అదే లూప్" అంది. ఒక తాను బట్టలో యూనిఫాం చొక్కాలు కత్తిరించే లెక్కకు ప్రోగ్రాం రాసి చూపించింది.

"తాను మధ్యలో అయిపోతే ఏం చేస్తది బేటీ?"

ఆమె ప్రోగ్రాంలో బట్ట మైనస్‌లోకి పోయినా కత్తెర ఆగలేదు. వెంటనే ఒక షరతు చేర్చింది. ఆ సాయంత్రం ఉస్తాద్ ఎవరు? షాగిర్ద్ ఎవరు?

"ఆడపిల్ల మగవాళ్లకు పాఠం చెప్పడమేంటి?" అని మా ఇళ్లల్లోనే సణిగారు. వాళ్లే అల్ ఖ్వారిజ్మీ పేరు చెప్పి గర్వపడతారు. 9వ శతాబ్దంలో బాగ్దాదులో ఉన్న ఆయన పేరు నుంచే అల్గారిదమ్ అనే మాట పుట్టింది. నిజమే. కానీ ఆయన హిందూ దేశపు అంకెల పద్ధతి నేర్చుకుని దాని మీద పుస్తకం రాశాడు. ఆయనా షాగిర్దే. నేర్చుకోవడానికి సిగ్గుపడేవాళ్లకు ఆయన పేరు చెప్పుకునే హక్కెక్కడిది?

యంత్రం మన పేరు అడగదు, మతం అడగదు అనుకున్నాం. అదీ భ్రమే. ఒక పెద్ద కంపెనీ ఉద్యోగ దరఖాస్తులను వడకట్టడానికి తయారుచేసుకున్న ప్రోగ్రాం, ఆడవాళ్ల దరఖాస్తులకు తక్కువ మార్కులు వేసిందని 2018లో బయటపడింది. ఎక్కువగా మగవాళ్లు పెట్టిన పాత దరఖాస్తులు చూసి అది నేర్చుకుంది. వివక్షను నేర్పితే యంత్రమూ మంచి షాగిర్దే.

మా పేరు వినగానే ఇల్లు అద్దెకు లేదన్న గుమ్మాలు మాకు తెలుసు. రేపు ఆ "లేదు" అనే మాట యంత్రం చెపితే ఎవరితో కొట్లాడతాం? అందుకే షరతులు రాయడం మాకు రావాలి. ఎవరో రాసిన షరతుల్లో మేము ఎక్కడ ఆగిపోతున్నామో చదవడమూ రావాలి. తాను అయిపోతే ఏమిటని అడిగే చాచా కావాలి. ఆ ప్రశ్న విని తన తప్పు దిద్దుకునే చెల్లెలూ కావాలి.

సణిగినవాళ్లకు మా జవాబు ఒకటే. రేపు మగ్రిబ్ అయ్యాక రండి. వెనక కూచుని వినండి.