రేపటి తలుపు

దుఃఖితులతో "జరిగినది మఱచి ముందు సంగతి చూచుకొనుఁడు" అనుట సులభము. ముందు త్రోవయే లేనివారు దేనిని చూచుకొందురు? రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీని వీరేశలింగముగారు తొలి వితంతు వివాహమును జరిపించి, బాలవితంతువులకు మూసియున్న రేపటి తలుపును తెఱచిరి. అయినను తలుపు తెఱచుట వేఱు, చేయిపట్టి యీడ్చుట వేఱు. ఒకతె వివాహమును గోరవచ్చును. ఒకతె చదువును గోరవచ్చును. మఱియొకతె కొంతకాల మూరక యుండఁగోరవచ్చును.

ఈ భేదమును మంచి మనోవైద్యులును పాటింతురు. "మీ బాధ తగ్గినచో రేపటి దినము నెట్లు గడపుదురు?" అని యడిగి, ఆ జవాబునుండియే రోగి తనకుఁ దానొక చిన్న లక్ష్యము నేర్పఱచుకొనునట్లు తోడ్పడుదురు: ఒకపూట వీధిలోనికిఁ బోవుట, ఒక జాబు వ్రాయుట. గమ్యమును వైద్యుఁడే విధించినచో నది చికిత్స గాదు, అధికారము.

మన యిండ్లలో దుఃఖించువారికి హితవు చెప్పుటకు ముందు, వారి కోరిక యేమని యెన్నఁడైన నడిగితిమా?